అద్భుతరసమును అల్పవ్యయమును

రాజమహేంద్రవరమునుండి రంపచోడవరము మీదుగా సాగిన దారి మారేడుమిల్లి దాటిన పిదప కొండలలో మలుపులు తిరుగుచు చింతూరు వైపునకు పోవును. వెదురు పొదలును, వాగులును, మంచు కమ్మిన లోయలును గల యీ ఘట్టమార్గము కొంతకాలముగా చలనచిత్రములవారికి ఇష్టభూమి యైనది. 2021లో విడుదలయిన ‘పుష్ప’ చిత్రమున నీ యడవి శేషాచలముగా నటించినది. ఎఱ్ఱచందనము చిత్తూరు కడప ప్రాంతముల కొండలకు సహజమైన చెట్టే కాని రంప కొండలకు సహజమైనది కాదు. అయినను ఆ లోపము సామాన్య ప్రేక్షకులకు పట్టలేదు. 2022లో వచ్చిన ‘ఇట్లు మారేడుమిల్లి ప్రజానీకం’ ఈ యూరిపేరునే శీర్షికగా ధరించి, ఎన్నికల పనిపై కొండకు వచ్చిన యుపాధ్యాయుని కథ చెప్పినది. వెదురుబొంగులో కాల్చిన కోడికూరకై బాటసారులు బండ్లు నిలుపు చోటనే చిత్రకారులును తమ యంత్రములను దింపుచున్నారు.

స్వల్పధనముతో అద్భుతమును చూపగోరువానికి ఇట్టి యడవి గొప్ప యూత. లక్షలు వెచ్చించి కట్టిన రంగశాలయందు రాని గాంభీర్యము ఇచ్చట ఊరకే లభించును. కాని యడవి నాయకుని మోయగలదా? బొమ్మలకథల పుస్తకములలో పుట్టిన అతిమానుష నాయకులను చిన్న పెట్టుబడితో టెలివిజనుపై నిలువబెట్టినవారి ప్రయత్నములు కొన్ని యెడల ఫలించినవి, కొన్ని యెడల నవ్వులపాలైనవి. ధనలోపమే దీనికి కారణమని లోకము తలచును. ఆలంకారికుల మతము వేఱు.

అమెరికాదేశమున జెరీ సీగెల్, జో షుస్టర్ అనువారు సృజించిన సూపర్‌మాన్ 1938లో బొమ్మలకథగా వెలువడెను. 1952 మొదలు 1958 వఱకు అతని కథ 104 భాగములుగా టెలివిజనుపై నడచినది. జార్జి రీవ్స్ నాయకపాత్ర ధరించెను. గాలిలో ఎగురు దృశ్యములను కొద్దిగా తీసి పెట్టుకొని వానినే కథనుండి కథకు మార్చి మార్చి వాడుకొనిరి. నలుపు తెలుపులలో తీసిన తొలి భాగములయందు నీలి యెఱుపు దుస్తులు తెరపై చక్కగ తేలవని బూడిద గోధుమ రంగుల వస్త్రములు కట్టించిరి. చూచువారికి అది నీలియెఱుపుగనే తోచెను. ఏలయన, వారు పుస్తకములో ఆ రంగులను మునుపే చూచియుండిరి. ఈ చిన్న విషయము మిక్కిలి గమనింపదగినది. తెరమీద లేని రంగును చూపరి తన మనసునుండి తెచ్చి పూయుచున్నాడు.

1966 మొదలు 1968 వఱకు నడచిన ‘బ్యాట్‌మాన్’ వేఱు త్రోవ త్రొక్కినది. నాయకుడును శిష్యుడును త్రాడు పట్టుకొని గోడ యెక్కు దృశ్యమునకు ఛాయాయంత్రమును పక్కకు వాల్చి, నేలమీదనే వారిని వంగి నడిపించిరి. ముష్టియుద్ధము జరుగుచుండగా దెబ్బల చప్పుళ్లను అక్షరములుగా తెరపై వ్రాసిరి. అందు దాపరికము లేదు. తాము చేయుచున్నది ఆట యని నిర్మాతలే కన్ను గీటి చెప్పిరి. కనుక అందలి నవ్వు లోపమువలన పుట్టిన నవ్వు కాదు, ఉద్దేశించి పుట్టించిన హాస్యము. పేదతనమును దాచి పట్టుబడిన నాటకమును చూచి నవ్వుటకును, దాచని నాటకముతో కలిసి నవ్వుటకును ఎంత భేదము!

భరతముని శృంగారమునుండి హాస్యమును, రౌద్రమునుండి కరుణమును, వీరమునుండి అద్భుతమును, బీభత్సమునుండి భయానకమును పుట్టునని చెప్పియున్నాడు. ఇందు మూడవ మాట ప్రస్తుతమునకు మిక్కిలి పనికివచ్చును. అద్భుతము వీరమునకు ఫలము. నాయకునియందు ఉత్సాహము స్థిరముగా నున్నప్పుడే వాని కార్యము విస్మయమును కలిగించును. వీరము లేక కేవలము వేషము నుత్తరీయము నున్నచో, ఎంత ధనము వ్యయించి గాలిలో నెగురవేసినను వాడు గాలిపటమే. అల్పవ్యయ రూపకముల వైఫల్యములలో ఎక్కువ భాగము ఇచ్చటనే పుట్టును. కర్తలు ఎగురుటపై దృష్టి నిలిపి, ఎందులకు ఎగురుచున్నాడో మఱచుదురు.

అభినవగుప్తుడు రసాస్వాదమునకు గల విఘ్నములను ఏడింటిని లెక్కించుచు మొదటిదిగా సంభావనావిరహమును పేర్కొనెను. చూపబడుచున్నది జరుగునని మనస్సు ఒప్పకున్నచో రసమునకు చోటే లేదు. ఈ విఘ్నమునకు అతడు చెప్పిన మందు యంత్రసామగ్రి కాదు. లోకసామాన్యములు కాని చేష్టలను ప్రదర్శించునెడ రామాదులవంటి ప్రఖ్యాతనాయకుల పేరు గ్రహింపవలెనని యతని మతము. తరతరములుగా నాటుకొన్న ప్రసిద్ధివలన ప్రేక్షకుని హృదయమున గాఢమైన నమ్మకము ముందే సిద్ధమై యుండునట. సముద్రమును దాటిన వాడు హనుమంతుడని చెప్పినంతనే చాలును. అదియే పొరుగూరి సుబ్బయ్య దాటెనన్న ఋజువు లడుగుదుము. సూపర్‌మాన్ బూడిదరంగు బట్టలు నీలముగా కనబడుటకు కారణమిదే. పుస్తకపు ప్రసిద్ధి తెరకు అప్పిచ్చినది.

రెండవ మందు నాట్యధర్మి. లోకములో నున్నది ఉన్నట్లు చూపుట లోకధర్మి. సంకేతముచే చూపుట నాట్యధర్మి. శాకుంతలము సప్తమాంకమున దుష్యంతుడు మాతలితో కూడ ఇంద్రరథముపై ఆకాశమునుండి దిగివచ్చును. కాళిదాసునకు రథము లేదు, ఆకాశము లేదు, త్రాళ్లు సైతము లేవు. దిగుచున్న రథమునుండి చూచువానికి భూమియే పైకి తేలివచ్చుచున్నట్లును, ఆకులలో మునిగిన చెట్ల మొదళ్లు వెలువడుచున్నట్లును, సన్నని గీతలుగా నున్న నదులు వెడల్పగుచున్నట్లును వర్ణించి వదలెను. విమానమెక్కి దిగినవారు ఆ వర్ణనలో తప్పు పట్టజాలరు. వ్యయము ఒక శ్లోకము.

ఆంధ్రదేశమున ఈ రహస్యము పండితులకంటె ఆటగాండ్రకు బాగుగా తెలియును. తోలుబొమ్మలాటలో ఒక దీపమును, ఒక తెల్లని తెరయు, రంగులు పూసిన తోలును లంకాదహనమునకు చాలినవి. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున వనారస గోవిందరావు గారు ‘కీచకవధ’తో ఆరంభించిన నాటకసమాజపు వారు తరతరములుగా తీగెలు, తెరలు, దీపములు మాత్రమే సాధనములుగా ‘మాయాబజారు’ వంటి నాటకములలో వింతలను చూపుచు వచ్చిరి. బాణములు నడుమదారిలో ఢీకొనుటకు పట్టిన తీగె ముందు వరుసవారికి కనబడునదే. కనబడినను పిల్లలు నోరు తెఱచియే చూతురు.

చలనచిత్రములలో ఈ సంప్రదాయమునకు వారసుడు ఉడుపి ప్రాంతమునుండి వచ్చి తెలుగువారి జానపదబ్రహ్మ యనిపించుకొన్న బి. విఠలాచార్య. మితవ్యయమున కాయన పెట్టినది పేరు. 1978లో వచ్చిన ‘జగన్మోహిని’లో దయ్యము తన కాలినే పొయ్యిలో కట్టెగా పెట్టి వంట చేయు దృశ్యమును చూచినవా రెవ్వరును మఱవలేదు. ఆ దృశ్యమునకు కావలసినది యంత్రము కాదు, వంటయింటిని ఎఱిగిన ఊహ. కట్టెలు లేని ఆడుదాని చిక్కు ఏ యిల్లాలికి తెలియనిది? అద్భుతము అంత దగ్గరి వస్తువునుండి లేచుటచేతనే భయమును నవ్వును ఏకకాలమున కలిగినవి. ఆయన చిత్రములన్నియు ఈ మెట్టున లేవు. కొన్ని వట్టి అస్థిపంజరముల ఊరేగింపులు. పండితులు మాత్రము మంచివానిని చెడ్డవానిని వేరుపఱుపక అన్నిటిని ఒక్క ఈసడింపుతో త్రోసివేసిరి. అది న్యాయము కాదు.

ఇక దూరదర్శన్. రామానందసాగర్ 1985లో ‘విక్రమ్ ఔర్ బేతాళ్’ అను ధారావాహికను నడపెను. సోమదేవుని కథాసరిత్సాగరమున ఈ కథల రాజు త్రివిక్రమసేనుడు; శింశుపావృక్షమునుండి శవమును దించి భుజముపై మోయుచు పోవును. తెలుగు పిల్లలకు ఈ దృశ్యము ‘చందమామ’లో శంకర్ వేసిన బొమ్మవలన మునుపే కంఠస్థము వంటిది. అందుచేత తెల్లని జుట్టు పెట్టుకొన్న బేతాళుడు సన్నని బట్టతో గాలిలో తేలినప్పుడు చూపరి మనస్సు ఆ బొమ్మనే చూచినది. అంతకుమించి, ఈ కథలలో అసలైన వింత ఎగురుటలో లేదు, కడపట వేయు ప్రశ్నలో నున్నది. తీర్పు చెప్పనిచో తల పగులును, చెప్పినచో శ్రమ వ్యర్థమగును. ఇట్టి చిక్కును చూపుటకు డబ్బక్కఱ లేదు. తక్కువ వ్యయముతో తీసిన అద్భుతరూపకములలో దీనికి ఉన్నతస్థానము ఈయవలసి యున్నది.

1997 సెప్టెంబరునుండి 2005 వఱకు నడచిన ‘శక్తిమాన్’ విషయము ఇంత సులువు కాదు. ముకేశ్ ఖన్నా ధరించిన యీ నాయకుడు పంచభూతముల శక్తిని యోగముచే పొందినవాడు. పగటివేషమున గంగాధరుడను వింతపత్రికాఛాయాగ్రాహకుడు. సూపర్‌మాన్ రెండు రూపుల నమూనా ఇందు స్పష్టము. కర్తలు దానికి కుండలినీ యోగపు ప్రసిద్ధిని జోడించిరి; అభినవగుప్తుని మందు తెలిసియో తెలియకయో వాడిరి. బొంగరమువలె గిరగిర తిరిగి మాయమగుట మంచి సంకేతము. ఊరూర పిల్లలందఱు తిరిగిరి. కాని ఎగురు దృశ్యములలో కర్తలు సంకేతమును విడిచి లోకధర్మి కాసపడి, అతికించిన ఆకాశముపై నాయకుని అతికించిరి. అచ్చట రసము తెగినది. మఱియొక చిక్కు ఇంతకంటె బరువైనది. శక్తిమాన్ వచ్చి రక్షించునని నమ్మి కొందఱు పిల్లలు ప్రమాదములు తెచ్చుకొనిరని నాడు వార్తలు వెలువడెను; నాయకుడే తెరపైకి వచ్చి అట్టి సాహసములు కూడవని బోధింపవలసి వచ్చెను. నాట్యధర్మి ఆటయని చెప్పుచునే నమ్మించును. లోకధర్మి ఆటయని చెప్పదు. బాలురకై అద్భుతమును రచించువారు ఈ రెంటికి గల భేదమును ఎఱుగవలెనన్నచో అలంకారశాస్త్రము నిష్ప్రయోజనమని త్రోసివేయరాదు.

తెలుగున 1980లో నందమూరి తారకరామారావు ‘సూపర్‌మాన్’గా కనబడిన చిత్రమున ఆ శక్తి హనుమద్వరముగా లభించును. 2024 జనవరిలో ప్రశాంత్ వర్మ తీసిన ‘హనుమాన్’ చిత్రమున అంజనాద్రి యను కల్పితగ్రామపు యువకునకు హనుమంతుని రక్తబిందువునుండి పుట్టిన మణి దొరకును. రెండింటను ప్రఖ్యాతనామ పరిగ్రహమే విధానము. రెండవదానియందు పెట్టుబడి అదే పండుగకు వచ్చిన పెద్ద చిత్రములతో పోల్చిన తక్కువ. రెండవ చిత్రమున నిజముగా తెలివైన కల్పన ప్రతినాయకుడు. బొమ్మలకథల నాయకులందఱు తల్లిదండ్రులు లేనివారని గ్రహించి, తానును అట్టివాడు కావలెనని, బాల్యముననే తన తలిదండ్రులను కడతేర్చినవాడు వాడు. వేషమును మాత్రమే అనుకరించి ఉత్సాహమును విడిచినవాని గతి యిది. ఒక పాత్ర రూపమున వ్రాసిన విమర్శ యనవచ్చును. చిత్రము తుదిభాగమున మాత్రము ఈ సూక్ష్మత కొంత సన్నగిలి, పరిమాణమే ప్రధానమైనది.

మారేడుమిల్లి కొండలకు మరలి చూచిన, ఇచ్చట ప్రసిద్ధి యప్పు తెచ్చుకొనవలసిన పని లేదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా పడి తుపాకులు తీసికొనిపోయిన అల్లూరి సీతారామరాజునకు గుండు తగులదని మన్యమున నమ్మిక పుట్టెను. ఆ నమ్మికకు చిత్రశాల లేదు, వ్యయము లేదు. 1924 మే 7న కొయ్యూరు వద్ద గుండు తగిలియే అతడు మరణించెను. అయినను నమ్మిక చావలేదు. 1974లో ఘట్టమనేని కృష్ణ నటించిన చిత్రము అతనిని యోగిగను వీరుడుగను చూపినది. 2022 నాటి ‘ఆర్ఆర్ఆర్’ కల్పితకథలో కాషాయము ధరించి విల్లెక్కుపెట్టిన రాజు సాక్షాత్తు శ్రీరామునిగనే నిలిచెను. ఇది ప్రఖ్యాతినామ పరిగ్రహమునకు పరాకాష్ఠ. వ్యయమును పరాకాష్ఠయే.

కాని ఈ పరాకాష్ఠయందే ఒక నష్టము దాగియున్నది. బొమ్మలకథల నాయకుడు ఒంటరివాడు. వాని ప్రక్కనుండు శిష్యుడు ఎన్నటికిని శిష్యుడే. మన్యపు పితూరి ఒక్కని ఎగురుట కాదు. మద్రాసు ప్రభుత్వపు 1882 నాటి అటవీచట్టము పోడు వ్యవసాయమునకు పెట్టిన కట్టుబాట్లు, ముఠాదారుల హక్కుల క్షయము, దారులు వేయించుటలో గూడెము డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ చేయించిన చాకిరీ దాని వెనుక నున్నవి. అంతకు మున్ను 1879లో కల్లుచెట్లపై పన్ను మొదలగు బాధలచే రంప కొండలు ఒకమాఱు మండియుండెను. గాము గంటందొర, గాము మల్లుదొర సోదరులు రాజునకు వెనుక నిలిచిన బొమ్మలు కారు. తమ భూమి, తమ మర్యాద పోయినవారు. రాజును గగనమునకెత్తిన ప్రతి చిత్రమును వారిని ఒక్కొక్క మెట్టు క్రిందికి దించుచున్నది. కొండరెడ్లును కోయదొరలును కొమ్ములు ధరించి ఆడు జనసమూహముగా మిగులుచున్నారు. అడవి శేషాచలముగా నటించిన నష్టము లేదు; అడవివారు ఎవరిగనో నటింపవలసివచ్చుటయే నష్టము.

అల్పవ్యయముతో మన్యవీరకథ నొకదానిని టెలివిజనుకు రచింపబూనువారికి ఇచ్చట లాభముగల మార్గ మొకటి యున్నది. విక్రముని కథవలె అద్భుతమును ఎగురుటలో గాక చిక్కులో నిలుపవచ్చును. గుండు తగులదని జనము నమ్మిన నాయకుని ప్రక్క నిలిచి, తనకు గుండు తగులునని ఎఱిగియు నడచినవాని కథ అట్టిది. మల్లుదొర 1923లో పట్టుబడి, అండమానులో శిక్ష అనుభవించి, తిరిగివచ్చి, 1952లో విశాఖపట్టణమునుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను. దానికి త్రాళ్లు అక్కఱలేదు, అతికించిన ఆకాశము అక్కఱలేదు. ఒక ఠాణా, ఒక చెఱసాల, ఒక సభామందిరము, నడుమ మారేడుమిల్లి దారివంటి కొండదారి యొకటి చాలును.