చక్రం ఊపి చూడందే అలైన్‌మెంట్ ఎందుకు?

బండి ఎడమకు లాగుతోంది, ముందు టైర్లు కోస్తున్నాయి అనగానే చాలామంది నేరుగా అలైన్‌మెంట్ యంత్రం మీదికి ఎక్కిస్తారు. 1979లో టయోటా తెచ్చిన తొలి ఫోర్ వీల్ డ్రైవ్ హైలక్స్ పికప్‌కు ఆ తొందర పనికిరాదు. దాని ముందు ఇరుసు ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకటే గొట్టం; కమాన్ కట్టల మీద కూర్చుంటుంది. మన పాత మహీంద్రా జీపులదీ ఇదే పద్ధతి. టై రాడ్ తిప్పి టో (చక్రాల ముందంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం) సరిచేయొచ్చు. క్యాంబర్‌కు (చక్రం లోపలికో బయటికో వాలడం), క్యాస్టర్‌కు (చక్రం పక్కలకు తిరిగే కీలు, అంటే కింగ్‌పిన్, ముందుకో వెనక్కో వాలడం) తిప్పే బోల్టులే లేవు. అవి తప్పాయంటే ఏదో అరిగింది, లేదా వంగింది. ఆ ఏదో పట్టుకోవడంలోనే మెకానిక్ పనితనమంతా ఉంది.

ముందు టైరు మీద అడ్డంగా అరచెయ్యి నడపాలి. బయటి నుంచి లోపలికి నున్నగా జారి, తిరిగి వచ్చేటప్పుడు గరుకుగా తగిలితే టో ఇన్ ఎక్కువైనట్టు. ఒక అంచే అరిగితే క్యాంబర్‌ను అనుమానించాలి. టైర్లు ఎడమవి కుడికి మార్చి చూడాలి. లాగుడు కూడా పక్క మారితే తప్పు టైరుదే. పొడి రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి నడిపినా స్టీరింగ్ బిగుస్తుంది కాబట్టి ముందు చక్రాల హబ్‌లు విడిచాకే పరీక్ష.

ఇక జాకీ. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. కదిలితే వీల్ బేరింగా, కింగ్‌పిన్ బేరింగా? ఒకరిని బ్రేకు తొక్కమనాలి. కదలిక ఆగితే వీల్ బేరింగ్, ఆగకపోతే కింగ్‌పిన్. ఏ యంత్రమూ ఇంత సూటిగా చెప్పదు, అందుకే ఈ పరీక్షంటే నాకు ఎంతో గౌరవం. కింగ్‌పిన్ అయితే టై రాడ్ విప్పి, నకిల్‌కు స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగి బిగువు కొలుస్తారు. షిమ్‌లు (పలుచని రేకులు) తీసి బిగిస్తారు. తర్వాత బండి నేల మీద ఉండగా ఒకరు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడిస్తుంటే, టై రాడ్ ఎండ్ మీద వేళ్లు ఆనించి ఉంచాలి. వదులుంటే టక్కుమని వేలికే తెలుస్తుంది.

రెండు పక్కలా ముందు చక్రం నుంచి వెనక చక్రానికి దూరం కొలవడం మరిచిపోకూడదు. తేడా ఉంటే కమాను సెంటర్ బోల్టు తెగి ఇరుసు జరిగిందేమో చూడాలి. అప్పుడు టో ఎంత తిప్పినా దండగ.

అన్నీ బిగిశాకే టో. రెండు టైర్ల నడుమా ముందువైపు, ఇరుసు ఎత్తున సుద్దతో గీత పెట్టి దూరం కొలవాలి. చక్రం అర చుట్టు తిరిగేలా బండిని ముందుకు నెట్టి, అవే గీతలు వెనక్కు చేరాక మళ్లీ కొలవాలి. అవే గీతలు గనుక రిమ్ము వంకర లెక్కలోకి రాదు. ముందు కొలత కొంచెం తక్కువ ఉంటే టో ఇన్. టై రాడ్ తిప్పి, క్లాంపులు బిగించి, బండిని మరోసారి దొర్లించి కొలత సరిచూసుకోవాలి.