పేరు దొరికాక, చోటు?

పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో గృహిణి ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోతుంది. ‘శారద’ అన్న పేరు తిరిగి దొరికాక ఆమె ఏ గదిలో కూర్చుంటుంది? ఇళ్ల ప్లాన్లు చూసినప్పుడల్లా నాకిదే ప్రశ్న. చాలా పాత ఇళ్లలో గోడలే కప్పు బరువు మోసేవి. కాంక్రీటు ఇంట్లో ఆ బరువు బీములదీ పిల్లర్లదీ. లోపలి గోడని కావలసినచోట కట్టుకోవచ్చు. అయినా మన ప్లాన్లలో వంటిల్లు ఆగ్నేయంలోనే, యజమాని పడకగది నైరుతిలోనే. దేవుడికి ఈశాన్యం ఉంది. ఆమె రాసుకునే బల్లకే ఏ దిక్కూ లేదు. ఇది వాస్తు ఒక్కదాని పని కాదు. వంట ఆమెదేనని ముందే తేల్చుకుని గీసిన గీతలివి. సత్యవతి కథ పేరు దగ్గర ఆగింది. మనం చోటు దాకా నడవాలి. స్లాబు పడకముందే, ప్లాను కాగితం మీదే ఆ గది అడగాలి.