‘ఋతువిషం’ - ఒక విమర్శ

హైదరాబాదు పాతనగరంలోని యాకుత్‌పురా వంటి పేటలలో హిందువుల ఇళ్ళూ ముస్లిముల ఇళ్ళూ పక్కపక్కనే ఉంటాయి. వెనుకటి రోజులలో ఆచారం పాటించే హిందువుల ఇంట ముట్టయిన స్త్రీ మూడు రోజులు దూరంగా కూర్చునేది. ఆమెకు చాప వేరు, చెంబు వేరు. ఆమె ముట్టుకుంటే ఊరగాయ బూజు పడుతుందనీ, దగ్గరకు పోతే తులసి వాడుతుందనీ పెద్దలు చెప్పేవారు. నాలుగవనాడు తలస్నానం చేసి ఇంట కలిసేది. గోడ కవతలి ముస్లిముల ఇంట ఆ దినాలలో స్త్రీకి నమాజు లేదు, రంజానులో రోజా లేదు. తప్పిన రోజాలు పిమ్మట ఉండి తీర్చుకోవలె. కాని వంట చేయరాదని వారి ధర్మశాస్త్రం చెప్పలేదు. ఆమె చేతి అన్నం ఇంటిల్లిపాదీ తినేవారు. స్పర్శలో విషమే ఉంటే ఈ రెండవ ఇంటి కుండలూ జాడీలూ ఎన్ని తరాలు చెడి ఉండవలె!

ఇంత తేలికైన పరీక్ష గోడ పక్కనే ఉండగా, ఆ విషానికి శాస్త్రీయమైన పేరు పెట్టే పని 1920లో వియన్నా నగరంలో జరిగినది. పెట్టినవాడు సామాన్యుడు కాడు. కంఠసర్పి సోకే అవకాశాన్ని కనిపెట్టే చర్మపరీక్షను 1913లో లోకానికిచ్చిన బేలా షిక్. ఒక పరిచారిక చేతికిచ్చిన పూలు మరునాటికి వాడిపోయాయి. కారణమడిగితే, ముట్టయినప్పుడు తాను పట్టిన పూలు ఎప్పుడూ వాడుతాయని ఆమె చెప్పినది. ఆ మాటే పరిశోధనకు మొదలు. కొందరు స్త్రీల చేత పూలు పట్టించి చూసి, ముట్టు సమయంలో శరీరంలో ఒక విషం పుడుతుందని షిక్ ప్రకటించాడు.

ఇందులోని లోపం పూలలో లేదు, ప్రశ్నలో ఉన్నది. కోసిన పువ్వు వాడడానికి కారణాలు అనేకం: చేతి వేడి, కాడ నలగడం, నీరు అందకపోవడం, గది ఉష్ణం. విషమొక్కటే కారణమని తేల్చడానికి కొద్దిమంది చేతులు చాలవు. రోమను రచయిత ప్లినీ మొదటి శతాబ్దంలోనే ముట్టయిన స్త్రీ వలన ద్రాక్షసారా పులుస్తుందనీ పైరు ఎండుతుందనీ రాశాడు. (ప్లినీకి ఆవకాయ తెలియదు, తెలుగింటి పెద్దలకు ద్రాక్షసారా అక్కరలేదు, అయినా రెండుచోట్లా చెడేది ఇంటికి ప్రియమైన వస్తువే.) షిక్ పాత నమ్మకాన్ని పరీక్షించలేదు, దానికి తెల్లకోటు తొడిగాడు.

అయినా కథ అంతటితో ఆగలేదు. 1920ల్లో అమెరికాలో మాక్ట్, లూబిన్ అనేవారు ఈ విషాన్ని మొలకల మీద వెతికారు. 1940ల్లో స్మిత్ దంపతులు ఋతుస్రావాన్ని ఎలుకలకు ఎక్కించగా అవి చచ్చిపోయాయి. విషం దొరికినదనే అనిపించినది. గర్భనిర్ధారణ పరీక్షతో పేరుపొందిన బెర్నార్డ్ జోండెక్ 1953లో ఈ చావులను తిరిగి పరీక్షించాడు. సూక్ష్మజీవులను చంపే మందు ఇచ్చిన ఎలుకలు బ్రతికాయి. అనగా, చంపినది రక్తంలోని విషం కాదు. బయటికి వచ్చిన స్రావంలో చేరి పెరిగిన సూక్ష్మజీవులు.

నిజానికి ఈ స్రావం ఏమిటి? గర్భం నిలువనప్పుడు హార్మోనులు తగ్గి, గర్భాశయపు లోపలి పొర ఊడివస్తుంది. దానితో రక్తమూ జిగురూ కలుస్తాయి. సాధారణంగా ఒక ముట్టులో పోయే రక్తం 30, 40 మిల్లీలీటర్లు. 80 దాటితే అధికమని వైద్యులు లెక్కిస్తారు. ఒంట్లోని మలినం వెళ్ళిపోతున్నదనే మాటకు ఇక్కడ ఆధారమేమీ లేదు.

జోండెక్ ఫలితాన్ని పాత ఇళ్ళ ఆచారం పక్కన పెట్టి చూడవలె. స్త్రీలు వాడినది పాత నూలుచీర చింపిన గుడ్డ. మెత్తనిది, తడి పీల్చేది, ఖర్చులేనిది, దానిలో తప్పులేదు. కాని ఉతికిన గుడ్డ ఎవరి కంటా పడరాదు. పెరటి మూల, మంచం కింద, మరో బట్ట చాటున ఆరవలె. ఇరుకు గల్లీలలో, పరదా పాటించే ఇళ్ళలో ఈ కష్టం మరింత. సూర్యకాంతి సూక్ష్మజీవులను చంపుతుందని డౌన్స్, బ్లంట్ 1877లోనే చూపారు. చెమ్మ ఆరని గుడ్డలో అవి పెరుగుతాయి. ఆ గుడ్డనే మళ్ళీ వాడితే దురద, ఒరుపు, పుండ్లు. జననాంగాలకు అంటుజాడ్యాల భయం. జాగ్రత్త పడవలసినది గుడ్డతో. ఇంటివారు జాగ్రత్తపడినది మనిషితో. గోడకు ఇవతలా అవతలా ఆచారాలు వేరయినా ఈ చాటు మాత్రం ఒక్కటే.

దూరంగా కూర్చోబెట్టడం విశ్రాంతి కోసమేనని నేటికీ కొందరు సమర్థిస్తారు. నొప్పితో ఉన్న మనిషికి విశ్రాంతి మంచిదే. దానికోసం ఆమె తాకిన చెంబును కడగనక్కరలేదు.

షిక్ వ్యాసం వెలువడిన 1920లోనే అమెరికాలో, యుద్ధంలో గాయాలకు కట్టిన కలపగుజ్జు దూదితో చేసిన పట్టీలు అమ్మకానికి వచ్చాయి. వాటి వలన గుడ్డ పోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-24 ఏళ్ళ స్త్రీలలో సుమారు సగం మంది గుడ్డ వాడుతున్నట్లు చెప్పారు. సబ్బుతో ఉతికి, డాబా మీద నలుగురి బట్టలతోపాటు ఎండలో ఆరవేస్తే ఆ గుడ్డతో భయం లేదు. అందుకు కావలసినవి నీరు, సబ్బు, ఒక దండెం.