ప్రతియు పునరుద్ధరణయు: వ్యాపారసంస్థల విపత్ప్రణాళికలపై ఒక విమర్శ

తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) 32,000 సంకీర్తనములు రచించెనని ఆయన మనుమడు చిన్నన్న తెలిపియున్నాడు. నేడు లభించుచున్నవి సుమారు 14,000. ఆ మాత్రమైనను దక్కుటకు కారణము అవి రాగిరేకులకెక్కి తిరుమల ఆలయమందలి సంకీర్తన భాండారమున భద్రమై యుండుటయే. ఇంతవరకు ఎల్లరెరిగినదే. తక్కినది అంతగా తలపునకు రాదు. రేకులపై సాహిత్యము కలదు, రాగము పేరు కలదు. పాడు తీరు లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటి పండితులు పాఠమును పరిష్కరించిరి. అయినను ఆ పాటలు మరల గొంతుకెక్కుటకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు క్రొత్తగా వరుసలు కట్టవలసివచ్చెను. ప్రతి దక్కినది, పూర్వపు గానము దక్కలేదు.

కంప్యూటర్ల విపత్తులనుగూర్చిన వ్యాసమునకు ఇది దూరపు ఉపక్రమమని కొందరికి తోచవచ్చును. కాని వ్యాపారసంస్థలు నేడు వ్రాసికొనుచున్న విపత్పునరుద్ధరణ ప్రణాళికలను, అనగా డిజాస్టర్ రికవరీ ప్లానులను, చదివినప్పుడు నాకు కనబడిన ప్రధానదోషము ఇదియే. ప్రతి యున్నచో పని దానంతట అదియే తిరిగి నడచునని అవి తలచుచున్నవి. తెలుగు చెప్పుకొను ఉపాధ్యాయునకు ఈ విషయమున అధికారమెక్కడిదని అడుగువారుందురు. ప్రతులు, పాఠములు, లోపములు మా వృత్తిలోనివే కదా!

తిరువళ్లూరులో మా పాఠశాలకు తెలుగు ప్రశ్నపత్రములు కూర్చి యిచ్చు చిన్న ముద్రణశాల యొకటి యుండెను. యజమాని క్రమశిక్షణ కలవాడు. ప్రతిరాత్రి ఎనిమిది గంటలకు ఆనాటి పనినంతయు వేరొక డిస్కులోనికి ఎక్కించి, దానిని కంప్యూటరున్న బల్ల క్రింది సొరుగులో నుంచెడివాడు. 2015 డిసెంబరు వానలకు అంగడిలో నీరు చేరినది. కంప్యూటరు, డిస్కు కలిసియే మునిగినవి. ఆయన నియమమును తప్పలేదు, నియమమే తప్పు. తమిళ పత్రము పోయినచో పది అంగళ్లలో మరియొకటి దొరకును. ఈ సీమలో తెలుగు అభ్యాసపత్రము పోయినచో పోయినదే. మా పిల్లలకై పదియేండ్లు కూర్చుకొన్నవి అందులో నుండెను.

ఆ వానలలోనే చెన్నపట్టణమున మరియొక వింత జరిగినది. 1878లో వెలసిన 'ది హిందూ' పత్రిక 2015 డిసెంబరు 2వ తేదీన నగరమున వెలువడలేదు. వార్తలు లేకపోలేదు. మరైమలైనగరులోని ముద్రణాలయమునకు పనివారు చేరలేకపోయిరి. యంత్రములను లెక్కించు ప్రణాళికలు మనుష్యుల రాకపోకలను లెక్కింపవు. దారి తెగిననాడు ఎవరు ఎచటనుండి పని చేయుదురను పుట వాటిలో సాధారణముగ ఉండదు.

మా పత్రములలో కొన్ని మాత్రము, ముద్రణశాలవారు మాకు మెయిలులో పంపియుండుటచే, దక్కినవి. సంతోషించితిని. క్రొత్త కంప్యూటరులో తెరచి చూడగా ఒక్క తెలుగక్షరమును లేదు. ఇంగ్లీషు గుర్తుల పిచ్చిగీతలు మాత్రమే కలవు. అవి యూనికోడుకు పూర్వపు అక్షరపద్ధతిలో కూర్చినవి. ఆ ఫాంటు మునిగిన యంత్రముతోడనే పోయినది. ఇండ్లలో మిగిలిన పాత కాగితములను చూచి తిరిగి వ్రాయుటకు నాకు రెండు వేసవి సెలవులు పట్టినవి. తాళ్లపాక రేకుల సంగతి నాకు నిజముగ బోధపడినది అప్పుడే.

ఇది పల్లెటూరి అజ్ఞానమని త్రోసివేయరాదు. గిట్‌ల్యాబ్ అను ప్రసిద్ధ సంస్థలో 2017 జనవరి 31న ఒక ఉద్యోగి పొరపాటున ప్రధాన డేటాబేసును తుడిచివేసెను. వారికి అయిదు విధముల రక్షణోపాయములు కలవు. విచారింపగా ఒక్కటియు నమ్మదగినట్లు పని చేయుట లేదని తేలినది. ఒక విధమైన బ్యాకప్ చాలకాలముగ విఫలమగుచుండినను, ఆ హెచ్చరిక మెయిళ్లు ఎవరికిని చేరలేదు. వేరొక పరీక్షకై ఒకరు ఆరు గంటలకు ముందు తీసికొన్న ప్రతి వారిని కాపాడినది. ప్రణాళిక కాదు, అదృష్టము!

ప్రతియు సిద్ధముగ నుండి, స్థలమును సిద్ధముగ నుండి, నిర్ణయము లేక నిలిచిన ఉదాహరణము మన దేశముననే కలదు. ముంబయిలోని నేషనల్ స్టాక్ ఎక్స్‌ఛేంజికి విపత్కాల కేంద్రము చెన్నపట్టణమున కలదు. 2021 ఫిబ్రవరి 24న ఉదయము 11.40కి వ్యాపారము ఆగినది. మరల మొదలైనది సాయంకాలము 3.45కు. ఆ నడుమ చెన్నపట్టణపు కేంద్రమునకు పని మారనేలేదు. తరువాతి నెలలో సెబీ ఒక నియమము చేసెను: ముఖ్యవ్యవస్థ చెడిన 30 నిమిషములలో దానిని విపత్తుగా ప్రకటింపవలెను, ప్రకటించిన 45 నిమిషములలో పని నిలువబెట్టవలెను. ఇందులో మొదటి అంకెయే నాకు గొప్పదిగా తోచుచున్నది. 'ఇది విపత్తు' అని పలుకు అధికారము ఎవరిదో పేరుతో వ్రాయని ప్రణాళిక, సంతకము లేని దస్తావేజు వంటిది.

మూడు ప్రతులు, రెండు విధముల సాధనములు, ఒకటి వేరుచోట అను సూత్రము మంచిదే. ఒక ప్రతి తీగకు తగిలింపక యుండుట ఇంకను మంచిది. డేటాకు తాళము వేసి ధనమడుగు దుండగులు తగిలించియున్న ప్రతిని కూడ విడువరు. వేరుచోటనగా ఎంత దూరము? తిరువళ్లూరివారు తిరుత్తణిలో నుంచుట సొరుగుకంటె మేలే. ఒకే తుపాను రెండూళ్లను తడుపగలదు గనుక ఇంకను దూరమున మరియొకటి కావలెను.

ఇక ఆర్.పి.ఓ., ఆర్.టి.ఓ. అను రెండు కొలతలు. ఎంత పని పోయినను ఓర్చుకొనగలము అనునది మొదటిది. రాత్రి ఎనిమిదికి ప్రతి తీసి, మరునాటి సాయంకాలము యంత్రము చెడినచో ఆ దినపు పని అంతయు పోవును. ఎంతసేపు ఆగగలము అనునది రెండవది. ప్రణాళికలు దీనికి ఒకే అంకె వ్రాసి ఊరకుండును. అది సరికాదు. తిరుత్తణిలో మా బావమరిదికి పూజాద్రవ్యముల అంగడి కలదు. మామూలు దినములలో లెక్కల యంత్రము రెండు దినములు ఆగినను చీటీలతో గడచును. ఆడికృత్తికకు కావడులెత్తి జనము వచ్చినప్పుడు అరగంట ఆగినను నష్టమే.

కిందటి యేడు ఆడికృత్తికకు పది దినముల ముందు, నా పోరు పడలేక, అతడు మంచి యంత్రమును కట్టిపెట్టి ప్రతినుండి వేరొక దానిపై పని నిలుపజూచెను. గోడపై అంటించిన కాగితములో 'ఒక గంట' అని యుండెను. అయిదు గంటలు పట్టినది. అందులో మూడు గంటలు, చెన్నపట్టణములో వేరు కొలువునకు పోయిన కుర్రవానిని పట్టుకొని పాస్‌వర్డు అడుగుటకే సరిపోయినవి. బావమరిది ఆ రాత్రి ఆ పాస్‌వర్డును కాగితముపై వ్రాసి, కవరులో పెట్టి, మా చెల్లెలి బీరువాలో నుంచెను. గోడపై ఒకటిని కొట్టివేసి అయిదు అని వ్రాసెను.