అర్జీ రాసిన డాక్టరు

బడిలో సంఘ సంస్కర్తల పాఠం చెప్పేటప్పుడు కొన్ని పేర్లు వరుసగా వస్తాయి. కందుకూరి, ఫూలే, అంబేద్కర్, నారాయణగురు. మన దాకా వస్తే సవర భాష నేర్చుకుని సవర పిల్లల చదువు కోసం పాటుపడిన గిడుగు రామమూర్తి పేరు చెప్పుకుంటాం. నారాయణగురు పేరు దగ్గర ఒక్క వాక్యంలో ఇంకో పేరు వచ్చి పోతుంది. డాక్టర్ పల్పు. గురువు గారికి తోడుగా నిలిచిన వైద్యుడు అంటారు, అక్కడితో ఆపేస్తారు. కేరళ దాటితే ఆ ఒక్క వాక్యం కూడా వినబడదు.

ఆయన్ని అలా పక్కన పెట్టడం పొరపాటని నా అభిప్రాయం. ముఖ్యంగా మనం, అంటే గిరిజన యువకులం, టీచర్లం చదవవలసిన మనిషి ఆయన. ఎందుకంటే ఆయన మీద పడ్డ తలుపు ఇవాళ మన మీద కూడా పడుతూనే ఉంది.

పద్మనాభన్ పల్పు 1863లో తిరువనంతపురంలోని పేట్టలో ఈళవ కుటుంబంలో పుట్టారు. ఈళవలకు కల్లుగీత, కొబ్బరిపీచు పని, వ్యవసాయం కులవృత్తులని తిరువితాంకూరు సంస్థానం లెక్క. కానీ అదే కులంలో తరతరాల వైద్యులు ఉన్నారు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు మలబారు మొక్కల మీద 'హోర్తుస్ మలబారికస్' అనే పెద్ద గ్రంథం వేశారు. అందులోని మందు మొక్కల వివరాలు చెప్పినవాళ్లలో ముఖ్యుడు ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడు. ఆయన జ్ఞానం యూరప్‌లో అచ్చయింది. రెండు వందల ఏళ్ల తర్వాత అదే కులంలో పుట్టిన పల్పు వైద్యవిద్య ప్రవేశ పరీక్ష పాసయితే, కులం కారణంగా సీటు ఇవ్వలేదు.

ఇది మనకు కొత్త సంగతి కాదు. అడవిలో ఏ ఆకు దేనికి పనికొస్తుందో మన తాతలు, అవ్వలు చెబితే రాసుకుపోయినవాళ్లు ఎందరో. ఆ అవ్వ మనవరాలికి మెడికల్ సీటు వస్తే మాత్రం ఆమె ప్రతిభను కాక రిజర్వేషన్‌ను చూసి గుసగుసలాడతారు.

పల్పు మద్రాసు వెళ్లి మెడికల్ కాలేజీలో చదివి ఎల్.ఎం.ఎస్. పట్టా తెచ్చుకున్నారు. సొంత సంస్థానంలో ఉద్యోగం అడిగితే మళ్లీ లేదన్నారు. బి.ఏ. చదివిన అన్న వేలాయుధన్‌కూ అదే అనుభవం. అన్న మద్రాసు ప్రభుత్వంలో, తమ్ముడు మైసూరు సంస్థానంలో ఉద్యోగాలు వెతుక్కున్నారు. మశూచి టీకా మందు తయారీలో పల్పు పనిచేశారు. 1898లో బెంగుళూరును ప్లేగు ముట్టడించినప్పుడు, ఊరు వదిలి జనం పారిపోతున్న రోజుల్లో, ఆయన అక్కడే ఉండి రోగుల మధ్య తిరిగారు. ప్లేగు రోగి దగ్గర ఆయన కులం ఎవరికీ అడ్డు రాలేదు. పుట్టిన ఊరి ఆసుపత్రిలో మాత్రం అడ్డు వచ్చింది.

ఇక ఆయన రాతల దగ్గరికి వద్దాం. పల్పు కవి కాదు, తత్వవేత్త కాదు. ఆయన రాసినవి అర్జీలు, లేఖలు, పత్రికా వ్యాసాలు. సాహిత్య విమర్శకులు వీటిని పట్టించుకోరు. పాటకు, కథకు ఇచ్చే చోటు అర్జీకి ఇవ్వరు. నా ఉద్దేశంలో పల్పు మరుగున పడటానికి ఒక కారణం ఇదే. తుపాకి పట్టిన చేతికి మనం విగ్రహం పెట్టుకుంటాం, అది న్యాయమే. కాగితం పట్టిన చేతిని కూడా గుర్తుపెట్టుకోవాలి.

1891లో తిరువితాంకూరులో 'మలయాళీ మెమోరియల్' అనే మహజరు మహారాజుకు సమర్పించారు. పెద్ద ఉద్యోగాలన్నీ బయటి నుంచి వచ్చిన బ్రాహ్మణులకే పోతున్నాయి, స్థానికులకు ఇవ్వండి అని దాని కోరిక. నాయకత్వంలో ఎక్కువమంది నాయర్లు. పదివేలకు పైగా సంతకాలు. అందులో మూడో సంతకం పల్పుది. మహజరు ఫలితంగా నాయర్లకు కొంత మేలు జరిగింది. ఈళవల విషయంలో మాత్రం, వాళ్లకు కల్లుగీత, పీచు పని లాంటి తమ వృత్తులు ఉన్నాయి, వాటితో ఉంటే మంచిదన్న ధోరణిలో జవాబు వచ్చింది.

పల్పు ఇక్కడ ఒక పాఠం నేర్చుకున్నారు. 'స్థానికులు' అనే పెద్ద మాట కింద అందరం కలిసి నిలబడతాం. పంపకం దగ్గరికి వచ్చేసరికి చివర ఉన్నవాడికి చివరిదాకా ఏమీ మిగలదు. ప్రత్యేక రాష్ట్రం ఉద్యమంలోనో, మరో ఉద్యమంలోనో ముందు వరుసలో డోలు కొట్టి, తర్వాత పోడు పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మనవాళ్లకు ఈ పాఠం వివరించి చెప్పనక్కర లేదు.

అందుకే 1896లో ఈళవలు తమ పేరుతోనే అర్జీ పెట్టారు. సంతకాలు 13,176. దీని వాదన తీరును మన యువకులు జాగ్రత్తగా చూడాలి. అందులో దీనంగా వేడుకోవడం కంటే పోలిక ఎక్కువ. పక్కనే బ్రిటిష్ పాలనలో ఉన్న మలబారులో ఇదే జాతివాళ్లు ప్రభుత్వ ఉద్యోగాలు చేస్తున్నారు, ఇక్కడ ఎందుకు చేయకూడదు? ఈళవుడు క్రైస్తవం పుచ్చుకుంటే బడి తలుపు, ఉద్యోగం తలుపు తెరుచుకుంటాయి, మతం మారకపోతే మూసుకుంటాయి, మరి లోపం మనిషిలో ఉందా, నియమంలో ఉందా? ఇది డాక్టరు పద్ధతి. ఇద్దరు మనుషులకు అన్నీ ఒకటే, ఒక్కటే తేడా, ఫలితం వేరు. అయితే జబ్బుకు కారణం ఆ ఒక్క తేడాలోనే ఉంది.

ఈ అర్జీలను, వ్యాసాలను ఆయన ఇంగ్లీషులో ఒక పుస్తకంగా కూర్చారు. పేరు 'ట్రీట్‌మెంట్ ఆఫ్ తియ్యాస్ ఇన్ ట్రావన్‌కోర్'. తియ్యలంటే ఈళవలకే మరో పేరు. ట్రీట్‌మెంట్ అంటే చూసే తీరు, వైద్యం కూడా. సంస్థానం తమను ఎలా చూసిందో రాసిన మనిషి వైద్యుడే కావడం వల్ల ఆ పేరు రెండు అర్థాలతోనూ నాకు వినిపిస్తుంది.

1896 అర్జీ నెగ్గలేదు. ఆ రోజుల్లోనే ఈ సంగతి బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్నగా వెళ్లింది, అయినా తలుపు కదలలేదు. అప్పుడు పల్పు చూపు రాజు వైపు నుంచి జనం వైపు తిరిగింది. నారాయణగురు అండతో 1903లో శ్రీనారాయణ ధర్మపరిపాలన యోగం ఏర్పడింది. మహాకవి కుమారన్ ఆశాన్ మొదటి కార్యదర్శి. 13,176 సంతకాలు పెట్టినవాళ్లకు ఒక ఇల్లు దొరికింది. అర్జీ ఓడిపోయినా, అర్జీ కోసం కలిసిన జనం ఓడిపోలేదు.

పొగిడి ఊరుకుంటే విమర్శ కాదు. పల్పు దారికి హద్దులు ఉన్నాయి. ఆయన అర్జీ ఒక కులం అర్జీ. వాళ్ల కింద అణిగి ఉన్న పులయలు, పరయలు దారిలో నడవడానికే పోరాడుతున్నారు. వాళ్ల కోసం అయ్యంకాళి 1907లో సాధుజన పరిపాలన సంఘం పెట్టవలసి వచ్చింది. తిరువితాంకూరు కొండల్లో ఉన్న కాణి, మలఅరయ లాంటి ఆదివాసుల గోడు ఆ 1896 అర్జీలో వినబడదు. ఇంకోటి. యోగం పెరిగే కొద్దీ కులాభిమానం కూడా పెరిగింది. 1916లో నారాయణగురు ఆ సంస్థ నుంచి తాను తప్పుకుంటున్నానని లేఖ రాశారు. ఆ లేఖ రాసింది ఎవరికో కాదు, డాక్టర్ పల్పుకే. తాను నిలబెట్టిన ఇంటి మీద గురువు చెప్పిన తీర్పును ఆయన తన చేతులతోనే అందుకోవలసి వచ్చింది. మన సంఘాలకూ ఇది హెచ్చరిక. కోయ, గోండు, లంబాడ, కొండరెడ్డి, చెంచు అని విడివిడిగా అర్జీలు పెట్టుకునే రోజుల్లో, మనకంటే చివర ఉన్నవాళ్ల పేరు మన కాగితంలో ఉందా అని ఒకసారి చూసుకోవాలి.

ఇక మన తలుపు సంగతి. ఏజెన్సీ బడులకు బయటి టీచర్లు సరిగా రావడం లేదన్న కారణంతో 2000 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో నంబర్ 3 ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులు నూరు శాతం స్థానిక గిరిజనులకే అన్నది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టివేసింది. నూరు శాతం ఇవ్వవలసినంత అసాధారణ పరిస్థితి లేదన్నది. కోర్టు తీర్పు మీద మనకు బాధ ఉంది, ఉండాలి. కానీ ఆ పరిస్థితి ఉందని చూపించే లెక్కలు ఎవరి దగ్గర ఉన్నాయి? ఏ గూడెం బడిలో ఏడాదికి ఎన్ని రోజులు తాళం పడింది? గోండి, కోయ, కువి మాట్లాడే పిల్లవాడు తెలుగు మాత్రమే తెలిసిన టీచరు ముందు ఎన్నేళ్లు మూగగా కూర్చున్నాడు? ఎందరు మధ్యలో బడి మానేశారు? ఇవి మన కళ్ల ముందు జరిగినవే. మనం రాసి పెట్టుకోలేదు.

పల్పు మనకు వదిలిన ఆస్తి ఇదే. బాధను చెప్పుకోవడంతో ఆగకుండా లెక్క రాయడం, పక్క ఊరితో పోల్చడం, వేల సంతకాలు కలపడం, అర్జీ తిరిగి వస్తే ఆ సంతకాలను చెదరనివ్వకుండా సంఘం చేయడం. సోమవారం ఐటీడీఏ ఆఫీసు ముందు ఒక్కొక్కరుగా కాగితం పట్టుకుని వరుసలో నిలబడే మనకు ఇది పనికొచ్చే విద్య. టీచర్లు తమ బడిలో ఒక నోటుబుక్కు తెరిస్తే చాలు, పని మొదలైనట్టే.

డాక్టర్ పల్పు 1950 జనవరి 25న కన్నుమూశారు. మర్నాడు భారత రాజ్యాంగం అమలులోకి వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో కులం పేరుతో వివక్ష చూపరాదని అందులో 16వ అధికరణ ఉంది. 1896లో ఆయన అడిగింది అదే. ఒక్క రోజు తేడాలో ఆయన దాన్ని చూడలేదు. మనం చూశాం. చూసినవాళ్లకు బాధ్యత ఎక్కువ. కాగితం మీద ఉన్న హక్కుకూ గూడెం బడి తాళానికీ మధ్య ఉన్న దూరాన్ని కొలిచి రాయవలసింది మనమే.