‘ప్రాక్’ అనే ముద్ర: చరిత్రపూర్వ మానవుడు – సాహిత్య విమర్శ

తెలుగు సాహిత్య విద్యార్థులకు ‘ప్రాఙ్నన్నయ యుగం’ అనే పేరు సుపరిచితం. ఒక యుగాన్ని అందులో ఉన్నదాన్ని బట్టి కాక, అప్పటికింకా రానిదాన్ని బట్టి గుర్తించడం ఈ పేరులోని ప్రత్యేకత. ‘చరిత్రపూర్వ యుగం’ అన్న మాట నిర్మాణమూ ఇటువంటిదే. అక్కడ నన్నయ లేడు. ఇక్కడ లిపి లేదు. మానవ జీవితంలోని అత్యధిక భాగానికి ఒక లేమిని లక్షణంగా చేసి పేరు పెట్టడం కాలవిభజన సౌలభ్యం మాత్రమేనా, లేక మనిషి ఎవరు అన్న ప్రశ్నకు ముందే ఇచ్చిన సమాధానమా అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

ప్రాఙ్నన్నయ యుగాన్ని శూన్యమన్న భావన నుంచి విడిపించినవి శాసనాలు. రేనాటి చోళుల తెలుగు శాసనాలు, పండరంగని అద్దంకి శాసనంలోని తరువోజ, జినవల్లభుని కుర్క్యాల శాసనంలోని కంద పద్యాలు వెలుగులోకి వచ్చాక నన్నయకు ముందు భాషాసాహిత్యాలు లేవనడం అసాధ్యమైంది. అయితే ఈ విముక్తి కూడా అక్షరం వల్లనే కలిగింది. చెక్కిన అక్షరం దొరికినవారికే సాహిత్యంలో చోటు దొరికింది. అక్షరమే లేనివారి మాటేమిటి? ఈ ప్రశ్నకు మన విభాగాలు ఒక మేరకు జవాబు చెప్పాయి. 1950లలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యంపై చేసిన పరిశోధన తరువాత, లిపి లేనంత మాత్రాన సాహిత్యం లేదనే వాదం నిలవలేదు. మౌఖిక సాహిత్యాన్ని అంగీకరించిన శాస్త్రం, లిపి లేదన్న ఒక్క కారణంతో ఒక మానవ సమూహాన్ని అర్థవంతమైన జీవితానికి వెలుపల ఉంచజాలదు.

ఈ చర్చకు ఆధారం దూరాన వెతకనక్కరలేదు. సికింద్రాబాదు తిరుమలగిరికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఒకవైపు హష్మత్‌పేట, మరొకవైపు మౌలాలి ఉన్నాయి. రెండూ బృహచ్ఛిలా సమాధులకు పేరొందిన స్థలాలు. తెలంగాణలో ఇనుప యుగానికి చెందిన ఇటువంటి సమాధుల చుట్టూ పెద్ద బండరాళ్లను వలయంగా పేర్చడం కనిపిస్తుంది. లోపల అస్థికలతోపాటు ఎరుపు-నలుపు మట్టిపాత్రలు, ఇనుప పనిముట్లు దొరుకుతాయి. ఈ నిర్మాణాలను జనం ‘రాక్షసి గుళ్లు’ అన్నారు. ‘రాక్షసి గూళ్లు’ అన్న రూపమూ వాడుకలో ఉంది. ‘గుడి’ అంటే ఆరాధనా స్థలం, ‘గూడు’ అంటే నివాసం. ఒక్క దీర్ఘంతో అర్థం మారినా ‘రాక్షసి’ అన్న విశేషణం మాత్రం మారలేదు. అంత బరువైన రాళ్లను మామూలు మనుషులు ఎత్తలేరన్న ఆశ్చర్యం అందులో ఉంది. అదే సమయంలో, వాటిని ఎత్తినవారు మనవారు కారన్న నిరాకరణా ఉంది. శాస్త్రం ‘చరిత్రపూర్వ’ అని దూరం చేసినవారిని జనవ్యవహారం ‘రాక్షస’ అని దూరం చేసింది. కాని గుడి, గూడు అనే మాటలతో అక్కడ ఒక ఉద్దేశం ఉందని గుర్తించినది జనవ్యవహారమే. ఈ విషయంలో అది శాస్త్రపరిభాష కంటే ఉదారమైనది.

ఆ ఉద్దేశాన్ని తెలుసుకోగలమా? చరిత్ర అంటే గతకాలపు ఆలోచనను చరిత్రకారుడు తన మనసులో తిరిగి ఆలోచించడమని కాలింగ్‌వుడ్ ‘ది ఐడియా ఆఫ్ హిస్టరీ’ (1946)లో ప్రతిపాదించాడు. ఆయన స్వయంగా పురావస్తు పరిశోధకుడు కూడా. ఈ ప్రతిపాదనను సమాధికి అన్వయిస్తే ఒక ఇబ్బంది ఎదురవుతుంది. మృతుని పక్కన కుండను కావాలనే ఉంచారని చెప్పగలం. ఎందుకు ఉంచారో అంత నిశ్చయంగా చెప్పలేం. మరణానంతర జీవితంపై విశ్వాసమే కారణమని వెంటనే నిర్ణయించడం పరిపాటి. అది గౌరవం కావచ్చు, రుణం తీర్చుకోవడం కావచ్చు, మృతుడు తిరిగి వస్తాడన్న భయం కావచ్చు, అతడు వాడిన వస్తువును మరొకరు ముట్టలేని దుఃఖం కావచ్చు. అర్థం ఉందన్న నిశ్చయం వేరు, ఆ అర్థం ఇదేనన్న నిశ్చయం వేరు. ఈ భేదాన్ని కాపాడటమే ఇక్కడ విమర్శ చేయవలసిన మొదటి పని.

సృజనాత్మక సాహిత్యం ఈ భేదాన్ని తరచు దాటుతుంది. తెలుగు అనువాదంలో విస్తృతంగా చదవబడిన రాహుల్ సాంకృత్యాయన్ ‘వోల్గా నుంచి గంగకు’ ఇరవై కథల సంపుటి. మొదటి కథ ‘నిశ’ క్రీ.పూ. 6000 నాటి వోల్గా తీరంలో, తల్లి నాయకత్వంలోని కుటుంబంలో నడుస్తుంది. రాక్షసత్వపు ముద్ర తొలగించి ఆదిమ మానవులకు ఆకలి, అసూయ, మమకారం ఇచ్చిన ఘనత ఈ కథది. అయితే నిశ జీవితానికి చట్రం మోర్గాన్, ఎంగెల్స్‌ల సామాజిక పరిణామ సిద్ధాంతం నుంచి వచ్చింది. సిద్ధాంతం ముందే తేల్చిన దశను పాత్ర నిరూపించవలసి వచ్చింది. అందువల్ల మౌనంగా ఉన్నవారికి గొంతు వచ్చిందిగాని, ఆ గొంతు పందొమ్మిదవ శతాబ్దానిది. కల్పనగా ఇది దోషం కాదు. దానిని సాక్ష్యంగా చదివే పాఠకునిదే దోషం.

ఆధారాలు పెరిగినకొద్దీ ఈ సందిగ్ధం తీరుతుందనుకోవడమూ సరికాదు. కర్నూలు ప్రాంతంలోని జ్వాలాపురంలో, సుమారు 74,000 ఏళ్ల కిందటి టోబా అగ్నిపర్వత బూడిద పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. 2007లో ఈ ఫలితాలను ప్రకటించిన పరిశోధకులు వాటిని ఆధునిక మానవులవిగా భావించారు. ఆ నిర్ధారణను తరువాత మరికొందరు ప్రశ్నించారు. అక్కడ మానవ అస్థికలు లభించలేదు. చేతిపని మిగిలింది, చేయి మిగలలేదు. ఆ చేయి మనవంటి మనిషిదేనా అన్నది పనిముట్ల పోలికపై ఆధారపడిన వ్యాఖ్యానం. రచయిత తెలియని కృతికి శైలిని బట్టి కర్తృత్వం నిర్ణయించే సాహిత్య పరిశోధకునికి ఈ పద్ధతిలోని బలమూ బలహీనతా రెండూ తెలిసినవే.

కనుక చరిత్రపూర్వ మానవుని విషయంలో సాహిత్య విమర్శ అందించగలిగినది కొత్త ఆధారం కాదు, చదివే క్రమశిక్షణ. అజ్ఞాత కర్తృకమైన కృతిని కర్త లేని కృతిగా మనం ఎన్నడూ భావించం. అర్థం కాని పద్యాన్ని అర్థం లేని పద్యమనం. ఈ మర్యాద శిలావలయానికీ వర్తించాలి. ఇది పరిభాషకే పరిమితమైన విషయం కాదు. హష్మత్‌పేట సమాధుల చుట్టూ నేడు నగరం ఒత్తుకొని వచ్చింది. అవి చరిత్రకు ముందువన్న భావన ‘ఉత్త రాళ్లే కదా’ అన్న మాటకు దారి ఇస్తుంది. ఒక్క రాయి స్థానం మారినా ఆ వలయం పాఠం చెడుతుంది. దానిని సరిచూసుకోవడానికి మరో ప్రతి లేదు. తాళపత్రంలో ఒక్క అక్షరం శిథిలమైతే బాధపడే మనం, ఈ పాఠనష్టాన్నీ మన నష్టంగానే లెక్కించవలసి ఉంది.