గుర్రం కోసం కట్టిన గోడలు

వేల్స్ పల్లెల్లో పాత రైతు లోగిలిని చూస్తే, యజమాని ఇంటి తర్వాత అంత శ్రద్ధగా కట్టింది చాలాచోట్ల గుర్రపుశాలే అనిపిస్తుంది. అందుకు కారణముంది. పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల్లో అక్కడ దుక్కి పని క్రమంగా ఎడ్ల నుంచి గుర్రాల చేతికి వచ్చింది. గుర్రం ఖరీదైనది, సుకుమారమైనది. అది జబ్బు పడితే సేద్యమే ఆగిపోతుంది. అందుకే దాని శాలను ఇంటికి దగ్గరగా, పశువుల కొట్టం కన్నా ఎత్తుగా కట్టారు.

గోడలకు రాయి పక్క పొలంలోనో, ఊరి క్వారీలోనో దొరికినదే. లోపల ఒక వరస, బయట ఒక వరస రాళ్లు పేర్చి, నడుమ చిన్న రాళ్లు కూరి, రెండు వరసలనూ పట్టి ఉంచేలా అక్కడక్కడా పొడవాటి రాళ్లను అడ్డంగా వేసేవారు. వాటిని కలిపేది సున్నం. అది మెత్తనిది. వానకు తడిసినా, ఆ తడిని మళ్లీ గాలిలోకి వదిలేస్తుంది. ఏడాది పొడవునా వానలు పడే దేశంలో గోడ నిలబడాలంటే ఆ గుణం ఉండి తీరాలి.

లోపలి ఏర్పాటంతా గుర్రాన్ని బట్టే. తల ఎగరేసినా తగలనంత ఎత్తులో కప్పు. తలుపుకు అడ్డంగా రెండు రెక్కలు: పైది తెరిస్తే గాలీ వెలుతురూ వస్తాయి, కింది రెక్క గుర్రాన్ని ఆపుతుంది. నేలకు గుండ్రాళ్లు పరిచి, మూత్రం నిలవకుండా కాలువ వైపు వాలు ఇచ్చారు. పైన గడ్డి అటక. అటక అంచున ఉన్న సందులోంచి తోస్తే, ఎండుగడ్డి నేరుగా గాడి మీది చట్రంలో పడుతుంది. ధాన్యాన్ని మాత్రం చాలామంది వేరేచోట, బండ్ల కొట్టం పైన దాచేవారు. గుర్రాల ఊపిరి తేమకూ, మూత్రపు ఘాటుకూ గింజ పాడవుతుంది కదా.

ఉత్తర వేల్స్‌లో పైకప్పుకు పలకరాయి వాడారు. మన మార్కాపురం పలకల్లాగే పొరలు పొరలుగా చీలే రాయి అది. పెద్ద పలకలు చూరు దగ్గర, పైకి వెళ్లే కొద్దీ చిన్నవి. చూరుకు చేరేసరికి పై నీరంతా కలుస్తుంది కాబట్టి అక్కడ అతుకులు తక్కువుండాలి. చిన్న ముక్క కూడా వృథా పోదు. ఆ రాయిని తవ్విన వాయవ్య వేల్స్ ప్రాంతాన్ని యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ కట్టడంలో మనుషులూ బతికారు. ల్లీన్ ద్వీపకల్పంలోనూ, ఆంగ్లెసీ దీవిలోనూ పెళ్లికాని పాలేర్లు శాల పైనున్న గదిలో పడుకునేవారు. కింద గుర్రాల ఒంటి వేడే వారికి వెచ్చదనం. ఆ గదుల్లో పాడుకున్న పాటలు వేల్స్ జానపద సంగీతంలో ఒక పాయగా నిలిచాయి. పగలంతా ఒళ్లు హూనం చేసుకున్న ఆ కూలీల బతుకును తలచుకోకుండా ఈ గోడల అందాన్ని మెచ్చుకోవడం న్యాయం కాదు.

ట్రాక్టర్లు వచ్చాక శాలలు ఖాళీ అయ్యాయి. కొన్ని కూలాయి, కొన్ని ఇళ్లుగా మారాయి. నిలిచిన వాటికి పెద్ద ముప్పు సిమెంటు పూత. అది తడిని లోపలే బంధిస్తుంది. దూలాల కొసలు కుళ్లుతాయి, మంచుకు రాళ్ల ముఖాలు పెచ్చులూడుతాయి. సున్నంతో కట్టిన గోడను సున్నంతోనే బాగుచేయాలి. కొత్త కిటికీ కోసం పాత గోడను పగలగొట్టే ముందు, గడ్డి సందునూ గాడినీ ఉన్నచోటే ఉంచే దారి వెతకాలి. అవి పోతే ఆ గది ఎందుకు కట్టారో చెప్పే ఆధారమే పోతుంది.

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారు కార్డిఫ్ పక్కన 1948లో తెరిచిన సెయింట్ ఫేగన్స్ మ్యూజియానికి ఒకసారి వెళ్లండి. వేల్స్ నలుమూలల నుంచి రాయి రాయిగా విప్పి తెచ్చి, మళ్లీ నిలబెట్టిన రైతు కట్టడాలు అక్కడున్నాయి. మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద బతికిన ఇల్లు కూడా వాటిలో ఉంది. ప్రవేశం ఉచితం. కోటల్లాగే కొట్టాలు కూడా చరిత్రేనని, వాటినీ కాపాడుకోవాలని అక్కడ స్పష్టంగా అర్థమవుతుంది.